నూట డెబ్బై ఒక్క సంతకాలు

మధ్యాహ్నం రెండున్నరకు తీర్పన్నారు. ఇప్పుడు ఒకటిన్నర. ఈ గంటసేపు ఎక్కడ కూర్చోవాలో కోర్టులో ఎవరూ చెప్పరు, లేచిపొమ్మని మాత్రం అందరూ చెబుతారు. మొదట కూర్చున్న బల్ల వకీళ్లదట, లేపారు. తర్వాత కూర్చున్న మెట్ల మీదుగా జడ్జిగారు భోజనానికి దిగుతారట, మళ్లీ లేపారు. చివరికి వరండా కొసన, నీళ్ల డ్రమ్ము పక్కన, తడి తగలని చోటు చూసుకుని నేల మీదే చతికిలబడింది మెహతాబ్. ఒళ్లో చేతిసంచి. సంచిలో మూత తీయని టిఫిను డబ్బా, రెండు పెన్నులు. పెన్నులు తేకూడదనే అనుకుంది ఈ పొద్దు. కానీ పన్నెండేళ్లుగా నడింపల్లెలో పొదుపు సంఘాల పుస్తకాలు రాస్తున్న మనిషి, ఊరంతా యానిమేటరమ్మా అని పిలిచే మనిషి, పెన్ను లేకుండా గడప దాటడం ఎట్లా? చెప్పుల్లేకుండానైనా దాటుతుంది. ఆ పెన్నే కదా కొంప ముంచింది అనుకుంది, వెంటనే, పెన్నుదేముంది పాపం, పట్టుకున్న చెయ్యి నాది కాదా అని కూడా అనుకుంది. డ్రమ్ము కొళాయి కింద ఎవరో పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులోకి చుక్కచుక్కా రాలుతోంది. లోపల తేలాల్సినవి రెండే రెండు సంగతులు. నడింపల్లె ఓట్లు ఎవరు వేసుకున్నారో చెప్పే సీలు సంచులు తెరవమంటారా, లేదా. మెహతాబ్ మీద దొంగ సంతకాల కేసు పెట్టమంటారా, లేదా. మొదటిది అవునంటే రెండోది దానంతటదే వీగిపోతుందని లాయరు మాధవి చెప్పింది. చెప్పేటప్పుడు మాత్రం ఆ అమ్మాయి మెహతాబ్ మొహం వైపు చూడలేదు, ఫైలు తాడు ముడి వేసుకుంటూ చెప్పింది.

పోలింగు రోజు కూడా ఇట్లాగే, ఎవరో వచ్చి లేపుతారేమో అన్నట్టు, బడి గోడకు ఒదిగి నిలబడ్డారు ఆడవాళ్లంతా. మండలంలో ఖాళీ అయిన ఎంపీటీసీ సీటుకు ఉప ఎన్నిక. ఏడింటికి తలుపులు తీస్తారంటే ఆరున్నరకే వెళ్లారు. పక్కింటి షరీఫా రంజాను చీర కట్టుకొచ్చింది. వరసలో మొదటి మనిషి ఆమే. లోపలికి ఎంత వేగంగా పోయిందో అంత వేగంగా బయటికొచ్చింది. "నా ఓటు పడిందంట ఆపా. నేనే వచ్చి ఏసి పోయినానంట. యాడేసినానో నాకే తెలీదు," అని పకపకా నవ్వింది. రెండో మనిషి, మూడో మనిషి, పదో మనిషి అట్లాగే బయటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉంది, ఆపడం చేతగాక. మెహతాబ్ వంతు వచ్చినప్పుడు బల్ల అవతలి ఆయన జాబితా మీద వేలు పెట్టి, మీదీ అయిపోయిందమ్మా అన్నాడు, హోటల్లో ఇడ్లీ అయిపోయింది అన్నంత తేలిగ్గా. ఆమె ఎడమ చూపుడు వేలు చాపింది. సిరా చుక్క లేదు. ఆయన వేలు చూడలేదు, గుమ్మంలో నిలబడ్డ నలుగురు మగాళ్ల మొహాలు చూశాడు. వాళ్లది ఆ ఊరు కాదు. మెహతాబ్ మాత్రం చూడాల్సింది చూసింది. బ్యాంకు కౌంటర్ల ఇవతల నిలబడి తలకిందులుగా ఉన్న పుస్తకాలు చదివి చదివి అబ్బిన విద్య అది. జాబితాలో వరసగా టిక్కులు. షరీఫా కొడుకు షహబాజ్ పేరుకూ టిక్కు. షహబాజ్ నాలుగేళ్లుగా కువైట్‌లో లారీ తోలుతున్నాడు. వాడి ఓటు వేయడానికి ఎవరొచ్చారు? ఓటు కాగితం చింపి ఇచ్చే ముందు, పుస్తకంలో మిగిలే ముక్క మీద సంతకమో వేలిముద్రో పెట్టించుకుంటారు కదా, కౌంటర్‌ఫాయిలంటారు దాన్ని, ఆ ముక్క మీద షహబాజ్ అని రాసిన చెయ్యి ఎవరిది? ఆ ముక్కలన్నీ సంచుల్లో పోసి, సీలేసి, భద్రంగా దాచారు. భద్రమంటే మామూలు భద్రమా, ఈ రోజుదాకా దేవుడికి కూడా కనపడలేదు. గెలిచినాయనకు రెండు వేల ఆరు వందల పది ఓట్లు. నిలబడి ఓడిన పద్మావతమ్మకు నూట తొంభై ఎనిమిది. నడింపల్లె చరిత్రలో ఇంత పోలింగు ఎప్పుడూ కాలేదని మర్నాడు అందరూ మెచ్చుకున్నారు కూడా.

గ్లాసు నిండి నీళ్లు నేల మీదికి పారుతున్నాయి. మెహతాబ్ చీర కొంగు కాస్త ఎత్తి పెట్టుకుంది. పద్మావతమ్మ ఇప్పుడెక్కడుందో. పొద్దున కనపడింది, కారులోంచి దిగకుండానే తలూపింది. చీనీ తోటలు, అదే బత్తాయి తోటలున్న ఆసామి ఇంటి కోడలు ఆమె. ఎన్నిక అయిన మూడో రోజు మెహతాబ్ ఇంటికొచ్చి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కూర్చోని నులక మంచం మీద కూర్చుని, "మెహతాబూ, మనం ఊరుకుంటే ఇంకెప్పుడూ ఓటనే మాట ఉండదు, నువ్వు ఊరిని కదిలియ్యాల" అన్నది. ఆ మాటకే కదా పొంగిపోయింది తాను. ముందు హైకోర్టుకు పోయారు. ఎన్నిక అయిపోయింది, దీనికి వేరే ట్రిబ్యునల్ ఉంది, అక్కడికి పొమ్మన్నారు. ట్రిబ్యునల్‌కు పోవాలంటే ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో పోవాలి. అందులో ఇరవై ఆరు రోజులు ఆ పొమ్మనే మాట కోసం కాచుకోవడంలోనే చెల్లిపోయాయి. పులివెందుల నుంచి వచ్చిన మాధవి చిన్నపిల్లే, గట్టిదే, బస్టాండులోనే నిలబెట్టి చెప్పింది. "ఊరంతా మోసం జరిగిందంటే కోర్టు వినదక్కా. పెద్ద మాట ఎంత పెద్దదైతే అంత తేలిగ్గా కొట్టేస్తారు. ఎవరి ఓటు, ఏ బూత్, ఎన్ని గంటలకు, ఒక్కొక్కరూ విడివిడిగా ప్రమాణపత్రం ఇయ్యాల." మాధవి గుమాస్తా కాగితాల కట్ట చేతిలో పెట్టాడు. వేలిముద్రలు వద్దమ్మా అన్నాడు. వేలిముద్ర వేస్తే చదివి వినిపించామని, అర్థమైందని, కింద ఇంకొకరు రాసి ఇయ్యాలంట, అంతమందికి టైము లేదంట, సంతకాలు పెట్టించుకొచ్చేయ్ అన్నాడు. ఎంత చిన్న మాట. ఆ నోటితోనే ముద్రలు వేయించమని ఉంటే ఈ రోజు ఈ డ్రమ్ము పక్కన ఈ తడిలో ఎందుకుండేది.

సంతకాలు. నడింపల్లెలో సంతకమంటే ఏందో ఈ కోర్టు వాళ్లకెట్లా చెప్పేది? సంఘం మీటింగు పెడితే పది మంది రావాలి, పది మందీ పుస్తకంలో సంతకం చేయాలి. పది మందిలో ఇద్దరికి వస్తే గొప్ప. వేలిముద్రలుంటే సంఘానికి గ్రేడు తగ్గుతుందని మొదట్లో వచ్చిన ఆఫీసరమ్మ కోప్పడింది. ఇంక చేసేదేముంది, మెహతాబ్ అందరికీ తలా ఒక సంతకం తయారు చేసింది. అల్లాటప్పాగా కాదు, మనిషిని చూసి చేసింది. షరీఫాది చివర్న పొడుగు తోక, మనిషి మాట సాగదీసినట్టే. చాకలి ఓబులమ్మది గుండ్రంగా, రొట్టె మాదిరి. ముసలి హుసేన్‌బీది వణుకుతూ. వాళ్లు పక్కన కూర్చుని, నాది బాగా పెట్టు యానిమేటరమ్మా, పోయిన నెల సరిగా రాలేదు అని పేచీ పెట్టేవాళ్లు. పన్నెండేళ్లుగా బ్యాంకు ఆ సంతకాలనే ఒప్పుకుంది, పంచాయతీ ఒప్పుకుంది. అవి వాళ్లవే. పెట్టిన చెయ్యి ఒకటే, అంతే. అందులో దొంగతనముందని ఒక్కరికీ, ఒక్క రోజూ తోచలేదు. ఆఖరి మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగింది. రెండు వందల పన్నెండు మంది ఒప్పుకున్నారు. కూర్చోబెట్టి చదివింది, ప్రతి ఒక్కరికీ చదివింది, ఆ మాట అల్లా ఎరుక. నలభై ఒక్క మంది తామే సంతకం చేశారు. మిగతావాళ్లు, "నువ్వే పెట్టెయ్ మెహతాబక్కా, పుస్తకంలో పెడతాండావు గదా" అన్నారు. ముప్పయ్యో రోజు తెల్లారేసరికి సగం మంది ఆడవాళ్లు పులివెందుల దిక్కు చీనీకాయల కోతకు లారీ ఎక్కిపోయారు. వాళ్లవి కోర్టుకు పోతూ జమ్మలమడుగులో ఎక్కిన బస్సులో, తొడ మీద అట్ట పెట్టుకుని పెట్టింది. ప్రొద్దుటూరు వచ్చేసరికి ఇంకా పదిహేను మిగిలాయి. బంగారం అంగళ్ల ముందు ట్రాఫిక్‌లో బస్సు ఆగిందే మేలనుకుని గబగబా పెట్టింది. షహబాజ్‌కు ఫోను చేస్తే, "రాయి ఖాలా, నా ఓటు ఎవడేసినాడో కనుక్కో" అన్నాడు, వెనక లారీ ఇంజను మోత. వాడి సంతకం బస్సు కుదుపుకు వంకర పోయింది. మళ్లీ దిద్దలేదు. కోర్టు ఎదురుగా ఉన్న నోటరీ మనుషులేరని అడగలేదు, టీ తాగుతూ ఒకదాని తర్వాత ఒకటి ముద్ర గుద్దేశాడు. నూట డెబ్బై ఒక్క సంతకాలు. ఆ సాయంత్రం వేళ్లు లాగుతుంటే ఎంత తృప్తిగా ఉండింది.

వరండాలో అన్నం వాసన. ఎవరో వకీలు క్యారియరు విప్పాడు. పోయిన నెల బోనులో నిలబడ్డప్పటి నుంచీ ఆకలి లేదు. తనకంటే ముందు షరీఫాను పిలిచారు. అవతలి లాయరు పెద్దాయన, మెత్తటి గొంతు, తెల్ల కాగితం ఇచ్చి, అమ్మా ఇందులో నీ సంతకం ఒకసారి పెట్టు అన్నాడు. షరీఫా పెన్ను పట్టుకుంది. పన్నెండేళ్లుగా చూస్తున్నదే కదా, పెట్టగలననే అనుకుంది పిచ్చిది. మొదటి గీత గీసి, చివరి తోక గీసి, నడుమ ఏముంటుందో గుర్తురాక మెహతాబ్ కోసం తలుపు వైపు చూసింది. అక్కడితో కథ తెల్లారింది. అయినా మాధవి నీళ్ల డ్రమ్ము దగ్గరే పట్టుకుని చెప్పింది, నాకు తెలీదు సార్ అను అక్కా, వాళ్లే పెట్టినారు అను, మిగతాది నేను చూసుకుంటా. ఇడుపులపాయలో చదువుకుంటున్న కూతురు నౌషీన్ కూడా ఫోన్లో ఏడ్చింది, ఒప్పుకోవద్దు అమ్మీ, ఒక్క మాట తెలీదు అను చాలు. అనాలనే బోనెక్కింది. ప్రమాణం చేయించాక అబద్ధానికి నోరు తిరగలేదు. పైగా ఎంత పిచ్చి నమ్మకమంటే, నిజం చెబితే ఆ నిజం పట్టుకుని జడ్జిగారు రెండో నిజం దాకా వస్తారనుకుంది.

"ఈ షరీఫా సంతకం ఎవరిదమ్మా?"

"నేనే పెట్టినా సార్."

"ఈ షహబాజ్‌ది?"

"నేనే సార్."

"ఈ పత్రం మీద సంతకం పడిన రోజు షహబాజ్ ఎక్కడున్నాడు?"

"కువైట్‌లో సార్. పోలింగు రోజు కూడా కువైట్‌లోనే ఉన్నాడు సార్. అదే గదా నేను చెప్తాండేది."

నవ్వారు. వెనక బల్లల మీద వకీళ్లు నవ్వారు, టైపు కొట్టే ఆమె కూడా పెదవి బిగబట్టుకుంది. మెహతాబ్ ఆగలేదు. సంఘం గురించి, ఆఫీసరమ్మ గురించి, చీనీకాయల లారీ గురించి, నేను అడిగి పెట్టినా సార్, వాళ్లు అడక్కుండా పెట్టినారు, ఆ సంచులు ఇప్పి చూడండి, అందులో ఉండే చెయ్యి ఎవరిదో చూడండి అని, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. జడ్జిగారు అంతా విన్నాడు. విని, ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పాడు. టైపు మిషను నాలుగైదు సెకన్లు మోగి ఆగిపోయింది. తర్వాత మాధవిని అడిగితే చెప్పింది, సంతకాలన్నీ తానే చేసినట్లు సాక్షి ఒప్పుకున్నది, అంతే. మిగతాదంతా ఎటు పోయింది? ఆ గదిలో అంత మంది ఉన్నారే, ఒక్కరి చెవిలోనైనా పడలేదా?

రెండు దాటింది. వకీళ్లు నోరు కడుక్కోవడానికి డ్రమ్ము దగ్గరికి వస్తున్నారు, నీళ్లు మీద పడకుండా ఆమె ఇంకా గోడకు జరిగింది. భర్త లాల్ బాషా నాపరాళ్ల పాలిషు మిషను ముందు కూర్చుని ఉంటాడు ఈపాటికి. ఇరవై ఏళ్లు రాయి రుద్ది రుద్ది ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, రేషను మిషను ఆయన్ని మనిషిగా ఒప్పుకోదు, నెలనెలా మెహతాబే పోయి వేలు పెట్టి తెస్తుంది. ఆయన ఓటు కూడా పడింది. వేలిముద్ర వేసి పోయాడని బల్ల అవతలి ఆయనే అన్నాడట, ఆ సంగతి విని మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు ఆ పొద్దు. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని రోజుకు నాలుగుసార్లు సణుగుతాడు. కేసు పడితే యానిమేటరు పని పోతుంది. అది పోయినా బతుకుతాం. కానీ సంఘంలో ఓబులమ్మ నిన్న పుస్తకం ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. నా సంతకం పెట్టొద్దులే అక్కా, ఏమన్నా అవుతాదేమో అన్నది. ఓబులమ్మ. తన చేతి గుండ్రటి సంతకం చూసి మురిసిపోయే ఓబులమ్మ. ఆ మాట తగిలినంత గట్టిగా అవతలి లాయరు మాట కూడా తగల్లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదంటారే, ఆ మంగలం నేనే అనుకుంది. ఎక్కడో ఉరిమింది, పిడుగు మాత్రం నా నెత్తిన.

పేరు పిలిచారు. మూడుసార్లు. మెహతాబ్ సంచి పట్టుకుని లేచి లోపలికి నడిచింది.

తీర్పు చదవడానికి ఏడు నిమిషాలు పట్టింది. అంతా ఇంగ్లీషే. మధ్యమధ్యలో నడింపల్లె అనే మాట వినపడ్డప్పుడల్లా మెహతాబ్ తలెత్తింది. పద్మావతమ్మ రాలేదు. మాధవి మెడ వంచుకుని రాసుకుంటోంది, కాసేపటికి రాయడం మానేసింది. చదవడం అయ్యాక మెహతాబ్ చెవి దగ్గర నెమ్మదిగా తెలుగులో చెప్పింది. రెండు వందల పన్నెండు ఓట్లూ దొంగవే అనుకున్నా, తీసేసి చూసినా, గెలిచినాయనకు ఇంకా రెండు వేల రెండు వందల మెజారిటీ ఉంటుందంట. కాబట్టి ఫలితం మారదంట. ఏదో దొరుకుతుందేమోనని వెతకడానికి సీలు సంచులు తెరవకూడదంట. ఇచ్చిన సాక్ష్యమే కల్పితమని తేలింది కాబట్టి పిటిషను కొట్టేస్తున్నారంట. జడ్జిగారు మంచాయనే, ఒట్టు. బోనులో ఆ రోజు ఆమెకు స్టూలు వేయించింది ఆయనే. ఇప్పుడు కూడా కళ్లద్దాలు తీసి, తెలుగులో, మెత్తగానే అన్నాడు. "చూడమ్మా, మీ ఊళ్లో మోసం జరగలేదని నేను అనడం లేదు. జరిగిందని మీరు రుజువు చేయలేకపోయారు అంటున్నాను."

"ఆ సంచులు తెరిస్తే రుజువు దొరుకుతాది గదా సార్," అన్నది మెహతాబ్.

"రుజువు చూపిస్తే తెరవచ్చమ్మా."

ఆమె ఆ మాటను ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా గోడే తగిలింది. ఇంకొకటి కూడా ఉంది, మాధవి అది చివరికి దాచుకుంది. కోర్టుకు దొంగ సంతకాలు దాఖలు చేసినందుకు మెహతాబ్ మీద విచారణ. పేర్లు వాడుకోనిచ్చినందుకు ఆ నూట డెబ్బై ఒక్క మందికీ నోటీసులు. షరీఫాకు. ఓబులమ్మకు. లేచి నిలబడలేని హుసేన్‌బీకి. కువైట్‌లో ఉన్న షహబాజ్‌కు కూడా. సొంత భర్తకు. ఓట్లు వేసుకున్నవాళ్లకు ఒక్క కాగితం లేదు, ఓటు పోయినవాళ్లకు మాత్రం తలా ఒకటి. బయటికొచ్చాక మాధవి, పైకోర్టుకు పోదాం అక్కా అన్నది. పద్మావతమ్మ వస్తాదా అని అడిగింది మెహతాబ్. మాధవి ఫైలు తాడు మళ్లీ ముడి వేసుకుంది. పద్మావతమ్మ ఇంటివాళ్లు గెలిచినాయనతో రాజీకి వచ్చారని ఊళ్లో అంటున్న మాట నిజమేనని అర్థమైంది. ఏడుపు రాలేదు, అది వచ్చినా బాగుండు అనిపించింది.

నోటీసులు అప్పటికే టైపయి ఉన్నాయి. వాటిని ఊళ్లలో పంచే ఉద్యోగి, నడివయసు మనిషి, వరండాలో చిన్న బల్ల వేసుకుని, పక్కన లావుపాటి కాగితాల కట్ట పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె నోటీసు ఆమె ముందుకు తోసి, అందినట్టు సంతకం పెట్టమన్నాడు. తర్వాత కట్ట వైపు చూసి, మోకాలు నిమురుకున్నాడు.

"మీ ఊరికి బస్సు దిగి మూడు మైళ్లు నడవాలంట గదమ్మా. నువ్వు యానిమేటరంట. ఇవన్నీ కూడా నువ్వే తీసుకో. వాళ్ల పేర్ల ఎదురుగా నువ్వే సంతకాలు పెట్టేయ్, ఇంటికి పోయి పంచుకో."

"అందరివీనా సార్?"

"దాంట్లో ఏముందమ్మా. అన్ని ఊళ్లలో అట్లనే చేస్తాండారు."

మెహతాబ్ ఆయన మొహం చూసింది. ఎగతాళి కాదు. పాపం నిజంగానే మోకాలి నొప్పి. ఆయన చాపిన పెన్ను అందుకోలేదు. చేతిసంచిలో తన పెన్నులు రెండు ఉన్నాయి, వాటినీ తీయలేదు. ఇరవై ఏళ్ల నాడు తన పేరు తాను మొదటిసారి రాసుకున్న రోజు గుర్తొచ్చింది, వయోజనుల బడిలో, పలక మీద, చెరపబుద్ధి కాక పలకను అట్లాగే ఇంటికి తెచ్చుకున్నది.

"నాకు సంతకం రాదు సార్," అన్నది. "ముద్ర డబ్బా ఇయ్యండి."

ఆయన పెన్ను వెనక్కి తీసుకున్నాడు. సొరుగు వెతికి ముద్ర డబ్బా తీశాడు. సిరా ఎండిపోయి ఉంది, సీసాలోంచి రెండు చుక్కల నీళ్లు పోశాడు. ఆమె ఎడమ బొటనవేలు అద్ది, తన కాగితం మీద, తన పేరు కింద, ఒక్కచోట నొక్కింది.

"మరి మిగతావి?"

"వాళ్ల వేళ్లు ఊళ్లోనే ఉండాయి సార్. పోయి అడగండి."

కొంగుకు వేలు తుడుచుకుంటూ ఆమె మెట్లు దిగసాగింది. జమ్మలమడుగు బస్సుకు టైమవుతోందని మాధవి చెబుతుంటే మెహతాబ్ వెనక్కి తిరిగి చూసింది. ఆయన కట్టను దగ్గరికి లాక్కున్నాడు. మొదటి కాగితం తీశాడు. వరండా ఇవతల మెట్ల మీద నిలబడి, తలకిందులుగా, ఆ రాత చదవగలిగింది మెహతాబ్. షరీఫా పేరు ఎదురుగా ఆయన, నోటీసు తీసుకోవడానికి నిరాకరించినది, అని రాశాడు. కింద తన సంతకం పెట్టి, రెండో కాగితం తీశాడు.